బాలనర్సికి ముద్ద

1943 ఆగస్టు 15, ఆదివారం

కిరసనాయిలు దొరక్క నెల దాటింది. ఇకనుంచి ఈ డైరీ పొద్దుండగానే రాసుకోవాలి.

ఆరాధనకు ముప్పై ఒక్క మంది వచ్చారు. వాన కురుస్తూనే ఉంది. మందిరం కప్పు తూర్పు మూల మళ్లీ కారింది. సోమన్న ఇంటిల్లిపాదీ పడమటి గోడకు చేరి కూర్చున్నారు. పాటలు మాత్రం గట్టిగా పాడారు, వాన చప్పుడు మీద పంతం పట్టారో ఏమో.

వాగు నిండింది. అక్టోబరు పదిన పాస్టరు గారు జడ్చర్ల నుండి వచ్చి బాప్తిస్మాలు ఇస్తారు. ఆయన చేతిలో ఇరవై ఊళ్లు ఉన్నాయి, మా వంతు ఏడాదికి ఒక్కసారే. అంతకు ముందు నేను సంఘం ఎదుట పరీక్ష పెట్టి, నిలిచిన వాళ్ల పేర్లు పంపాలి. ఈసారి ఏడుగురు. ఏడో పేరు ఉప్పలమ్మ. మా అమ్మ.

నన్ను పుట్టిన వాడకే బడికీ మందిరానికీ పంతులుగా పంపి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లూ "మీదికేడు సూద్దాం తియ్" అంటూ వచ్చే ఏటికి తోస్తూ వచ్చింది అమ్మ. నా భార్య సోమమ్మ పోతే, సంఘం వాళ్లకే జాగా ఉన్న సమాధుల తోటలో పెట్టి వచ్చాం. ఆ తర్వాత తనే అడిగింది. "మీరంత ఒక్కకాడ ఉండి నేనొక్కదాన్ని ఇంకోకాడ ఉండాల్నా బిడ్డా? నేను గూడ నీళ్లల్ల దిగుత" అంది.

ఇవాళ రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చుని పాఠం చెప్పించాను.

"మోషే ఎవరమ్మా?"

"సముద్రాన్ని రెండు పాయలు చేసినాయిన. మన వాగును గూడ గట్ల జేస్తె కలుపుకు పోయేటోళ్లకు ఎంత సులువయితుండె!"

నవ్వొచ్చింది. పరీక్షలో ఆ రెండో మాట అనవద్దని చెప్పాను. పది ఆజ్ఞలూ వరుస తప్పకుండా చెప్పింది. యాభై దాటిన మనిషి, ఒక్క అక్షరం రాదు. నాకు గర్వంగా ఉంది. గర్వం పాపమే గాని, ఉంది.

ఆగస్టు 22, ఆదివారం

పరీక్ష అయింది.

ఆరుగురు నిలిచారు. అమ్మ నిలవలేదు.

వరుసగా రాస్తాను. అమ్మను చివరికి పెట్టాను, నా వాళ్లని ముందు పిలిచానని ఎవరూ అనకూడదని. ప్రార్థన తప్పు లేకుండా చెప్పింది. ఆజ్ఞలు చెప్పింది. యేసు ఎందుకు చనిపోయాడంటే "నాకోసమే" అని చెప్పి కళ్లు తుడుచుకుంది. ఆఖరి ప్రశ్న అందరికీ ఒకటే. "మైసమ్మకు మొక్కడం, పెత్రమాసకు చచ్చిపోయిన వాళ్లకు పెట్టడం విడిచిపెట్టావా?" ముందు ఆరుగురూ విడిచిపెట్టినమని ఒక్క ఊపిరిలో అనేశారు.

అమ్మ కొంగు సవరించుకుంది.

"మైసమ్మను ఎన్నడో ఇడిసిపెట్టిన. మా అత్తమామలకు పెడ్తలేను. మీ నాయినకు గూడ పెడ్తలేను. బాలనర్సికి పెడ్త."

సంఘ పెద్ద జానయ్య ఆమెకు మాట అందించబోయాడు. "వదినా, ఇడిసిన అను, అయిపోతది."

"ఎట్లంట జానయ్యా? పెడ్త గద."

నేను రెండోసారి అడిగాను. మూడోసారీ అడిగాను. అప్పుడు నన్నే చూస్తూ అంది, "అబద్ధమాడొద్దని మొన్ననే సదివిస్తివి గద బిడ్డా." వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మీదికేడు చూద్దామని చెప్పి పేరు కొట్టేశాను.

గడప దగ్గర బిక్షమ్మ కూర్చుని ఉంది. పోయిన పెత్రమాసకు మగని పేర అన్నం పెట్టానని ఒప్పుకున్నందుకు ఆమెను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్లకు రాకుండా ఆపింది నేనే. పదకొండు నెలలుగా ఆ గడప దాటి లోపలికి రాలేదు. అట్లాంటప్పుడు మా అమ్మకు ఒక న్యాయం, బిక్షమ్మకు ఒక న్యాయమా?

బాలనర్సి మా అక్క. ఊళ్లో పెద్ద జ్వరాలు వచ్చిన ఏడాది, నాలుగేళ్ల వయసులోనే పోయింది. అప్పటికి నేను పాలు తాగుతున్నానట. నాకేమీ గుర్తు లేదు.

ఆగస్టు 23

నేను చేసింది సరైన పనే.

ఆగస్టు 25

అమ్మ కోపం చూపిస్తే బాగుండేది. ఇవాళ పుంటికూర వండి, జొన్నరొట్టె వేడిగా చేతిలో పెట్టి, "ఇంకోటి తిను" అంది. మళ్లీ అదే పాఠం మొదలుపెట్టమంది కూడా. మీదికేడుకు మరిచిపోతానేమోనని భయమట.

జానయ్య వచ్చి నన్ను మెచ్చుకున్నాడు. కన్నతల్లిని కూడా నిలబెట్టి అడిగినోడివి, నీ మాటకు ఎదురేముంది అన్నాడు.

సెప్టెంబరు 2

పేర్ల జాబితా జడ్చర్లకు పంపాను. ఆరు పేర్లు. మాది క్రమం గల సంఘమని పోయినేడు పాస్టరు గారు సంఘ పుస్తకంలో రాసి వెళ్లారు. ఆ మాట ఎన్నిసార్లు తీసి చదువుకున్నానో నాకే తెలియదు. ఇవాళ చదవలేదు.

సెప్టెంబరు 19, ఆదివారం

అమ్మ ఆరాధనకు రాలేదు. జ్వరం. కలుపు తీస్తూ తడిసింది. రెండు రోజుల్లో తగ్గుతుంది.

సెప్టెంబరు 22

తగ్గింది.

సెప్టెంబరు 24

పొద్దున తగ్గింది, సాయంత్రం మళ్లీ వచ్చింది. దగ్గు కూడా ఉంది. బండి కట్టించి దవాఖానకు తీసుకుపోతానంటే, "గింత జరానికి దవాఖాన ఎందుకురా, నలుగురు నవ్వుతరు" అంటుంది. లోపల నాకూ అదే మేలనిపించింది. బడి మూసి పోవాలంటే పైవాళ్లకు రాయాలి.

సెప్టెంబరు 26, ఆదివారం

తగ్గింది. గంజి తాగింది.

సెప్టెంబరు 29, బుధవారం

పెత్రమాస.

పొద్దున్నే అమ్మ పిలిచింది. లేవబోయి లేవలేక కూలబడింది. నేను పట్టుకుని పడుకోబెట్టాను. ఇన్ని రోజులుగా తగ్గింది తగ్గింది అని రాస్తున్నానే, పట్టుకుంటే మనిషిలో ఏమీ లేదు.

"బిడ్డా, ఇయ్యాల్టికి నువ్వు పెట్టు. నాతోని అయితలేదు."

ఏం పెట్టాలో నాకు తెలుసు. నా చిన్నప్పటినుంచి చూస్తున్నదే. జొన్నరొట్టె నలిపి బెల్లం కలిపి, మలిద ముద్ద చేసి, మోదుగాకులో పెట్టుకుని వాగు ఒడ్డున బాలనర్సిని పూడ్చిన బొందలగడ్డకు పోతుంది అమ్మ. అక్కడ ఒక రాయి ఉంది. అన్ని రాళ్లలో ఆ రాయి ఏదో అమ్మకు ఒక్కతికే తెలుసు.

"అమ్మా, నేను పంతుల్ని. నేనెట్ల పెడ్త?"

"పంతులువే. దానికి తమ్మునివి గూడ."

అమ్మ చాలాసేపు దగ్గింది. తర్వాత, ఇరవై అయిదేళ్లలో ఎన్నడూ చెప్పని మాట చెప్పింది.

"నీకు ఎర్కలేదు. జరంల దానికి ఏం పెట్టొద్దన్నరు, లంకణం ఉంచాలన్నరు. నాలుగొద్దులు ఉంచిన. అవ్వా ఆకలి, అవ్వా ఆకలి, బెల్లం పెట్టవా అని నన్నే అడిగింది. ఇంట్ల బెల్లమున్నది బిడ్డా. లేకుంటె లేదనుకుందును. ఉట్టి మీద ఉన్నది, అది దానిదిక్కే సూసుకుంట పోయింది. నేను పెట్టలే. ఏడాదికి ఒక్కపారి పెడ్త. గదొక్కటి ఇడువుమంటె నాతోని గాదు."

ఇరవై అయిదేళ్లు నా తల్లి మోసిన దాన్ని నేను పరీక్షలో ఆఖరి ప్రశ్నగా అడిగాను. అయినా లేవలేదు. లేచి ఒక రొట్టె నలిపి ఉంటే ఏమయ్యేది? దేవుడు ఆ ఒక్క రొట్టెకు అలిగేవాడా? అలగడని ఇప్పుడు రాస్తున్నాను. పొద్దున రాలేదు ఆ మాట.

జానయ్య భార్య పుల్లమ్మ గంజి పట్టుకుని వచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. పుల్లమ్మ నా దిక్కు ఒకసారి చూసి, పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె చేసి, నలిపి, బెల్లం కలిపింది. మా ఇంట్లో, నా ఎదురుగానే. వాగుకు పోయి వచ్చింది.

నేను బయట అడిగాను. "నువ్వు బాప్తిస్మం తీసుకున్న దానివి పుల్లమ్మా. సంఘ పెద్ద భార్యవు. ఇట్ల చేయవచ్చునా?"

"పంతులూ, నేను గూడ పెడ్త. మా అవ్వకు, పోయిన నా ఇద్దరు పిల్లలకు. తలుపేసుకొని పెడ్త. నువ్వడిగిననాడు ఇడిసినమని చెప్పి నీళ్లల్ల దిగిన. ఇంకెంతమంది పెడుతున్నరో నాకు తెల్వది, నేనొక్కదాన్నే అయితె గాను. మీ అమ్మకు గట్ల చెప్పరాకపాయె, బిక్షమ్మకు చెప్పరాకపాయె, గంతె."

ఆరుగురి పేర్లు పంపాను. ఆ ఆరుగురిలో ఎంతమంది ఇవాళ తలుపులు వేసుకున్నారో. లేచి ఇంటింటికీ పోయి చూసే ధైర్యం నాకు లేదు. చూసి ఏం చేస్తాను, అందరినీ గడప దగ్గర కూర్చోబెడతానా?

అక్టోబరు 1

పాస్టరు గారికి ఉత్తరం రాశాను. తల్లికి బాగా లేదు, వారం ముందే దయచేయగలరని. రాసి చదువుకుంటే తట్టింది, ఆమె పేరు జాబితాలో ఎందుకు లేదనే ఆయన మొదట అడుగుతారు. దానికి ఏం రాయాలో తోచలేదు. చించేశాను.

అక్టోబరు 2

మళ్లీ రాశాను. పంపలేదు. రేపటికి కొంచెం తేలుతుందేమో చూద్దామని.

అక్టోబరు 4

ఉత్తరం ఇచ్చి సోమన్నను జడ్చర్లకు పంపాను.

అక్టోబరు 6

సోమన్న తిరిగి వచ్చాడు. పాస్టరు గారు రెండో తేదీ సాయంత్రమే ఊళ్ల మీదికి బయలుదేరారట. ఏ ఊళ్లో ఉన్నారో ఇంట్లో వాళ్లకు తెలియదు. తొమ్మిదో తేదీ శనివారానికి ఎట్లాగూ ఇక్కడికి వస్తారు కదా అన్నారట. ఒకటో తేదీన రాసిన ఉత్తరం ఆనాడే పంపి ఉంటే ఆయన చేతికి అందేది. ఈ ఒక్క మాట రాయడానికి పొద్దున్నుంచి ఈ పుస్తకం చుట్టూ తిరుగుతున్నాను.

అక్టోబరు 7

అమ్మకు తెలివి బాగానే ఉంది. మాట మెల్లగా వస్తోంది.

"నువ్వే ముంచరాదు బిడ్డా? నన్ను ఎత్తుకపోతె అయిపాయె. బరువు గూడ లేను."

"నాకు అధికారం లేదమ్మా. పాస్టరు గారే ఇయ్యాలె."

"అవునా" అంది. బాధపడినట్టు లేదు. దుకాణంలో ఉప్పు అయిపోయిందని చెబితే ఎట్లా అంటుందో అట్లా అంది.

నేనే ఆగలేకపోయాను. మోకాళ్ల మీద కూర్చుని బతిమాలాను. "అమ్మా, ఒక్క మాట. ఇడిసిన అను. జానయ్యను పిలుస్త, ఆయన ముందట అను. ఇప్పుడే పేరు రాస్త. పరీక్షల నిలిచి, నీళ్లల్ల దిగకముందే పోయినోళ్లకు గూడ పాస్టరు గారు సమాధుల తోటల జాగా ఇస్తరు. సోమమ్మ పక్కన జాగా ఉన్నది. నువ్వే అడిగితివి గద."

నా తల నిమిరింది.

"సోమమ్మ పక్కన ఉండాల్నని ఉన్నది. యేసు కాడ ఉండాల్నని ఉన్నది. ఆయన పిల్లలను రానీయుమన్నడని నువ్వే చెప్పినవు. మరి నేను నా పొల్లకు పెడితె ఆయనకెందుకు కోపమొస్తదిరా? ఆయనకు రాదు. నీకే వస్తది."

అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

అక్టోబరు 8

నీళ్లు కూడా దిగడం లేదు.

అక్టోబరు 9, శనివారం

పొద్దున పాలు పిండే వేళకు అమ్మ పోయింది. నా చెయ్యి పట్టుకునే ఉంది.

పాస్టరు గారు మధ్యాహ్నం వచ్చారు. ఆరు గంటల ఆలస్యం. ఎండలో నడిచి వచ్చిన మనిషి, చెప్పులు విప్పి నేరుగా అమ్మ దగ్గరికి వచ్చి మోకరించారు. మంచివాడు. కఠినుడైతే నాకు సులువుగా ఉండేది.

లేచి నన్ను పక్కకు పిలిచారు. "బక్కయ్యా, అమ్మగారి పేరు జాబితాలో చూసిన జ్ఞాపకం లేదే?"

"లేదయ్యగారూ."

"ఏం జరిగింది?"

వాకిట్లో జానయ్య, సోమన్న నిలబడి ఉన్నారు. పలుగులు, పారలు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఎటు పోవాలో, బొందలగడ్డకా సమాధుల తోటకా, నా నోటి నుంచి రావాలని చూస్తున్నారు. లోపల పుల్లమ్మ అమ్మ జుట్టు దువ్వుతోంది.

చెప్పాను. "పరీక్షనాడు ఒక్క విషయంలో ఆగింది అయ్యగారూ. ఇరవై అయిదేళ్ల కింద చచ్చిపోయిన బిడ్డకు పెట్టడం విడవలేనంది. జబ్బు పడిన తర్వాత ఒప్పుకుంది. విడిచిపెట్టిన అని చెప్పింది. మొన్న గురువారం. మళ్లీ జాబితా పంపే వ్యవధి లేకపోయింది."

ఎక్కడా తడబడలేదు. అంత చక్కగా నేను ప్రసంగం కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఆయన జానయ్య దిక్కు తిరిగారు. "పెద్దవారు మీరు. మీ ఎదుటే చెప్పిందా?"

జానయ్య నన్ను చూశాడు. పార ఒక చేతిలోనుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "చెప్పింది అయ్యగారూ."

లోపల దువ్వెన ఆగింది. పుల్లమ్మ బయటికి రాలేదు. కాసేపటికి మళ్లీ దువ్వుతున్న చప్పుడు వినిపించింది.

పాస్టరు గారు సెలవిచ్చారు. పొద్దు వాలకముందే సోమమ్మ పక్కన పెట్టి వచ్చాం. పాటలు పాడాం. మన్ను నేనే ముందు వేశాను.

అక్టోబరు 10, ఆదివారం

వాగులో ఆరుగురికి బాప్తిస్మం. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి నీళ్లలోకి దింపింది నేనే. ఆవలి ఒడ్డున బొందలగడ్డ రాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. నేను అటు చూడలేదు. చూసినా ఆ రాయి ఏదో నాకు తెలియదు. ఇక ఎవరికీ తెలియదు. కాదు, పుల్లమ్మకు తెలిసి ఉండాలి, అడగాలి. అడగను.

తర్వాత ప్రసంగం. పాస్టరు గారు మా అమ్మ గురించే చెప్పారు. అక్షరం రాని ఒక తల్లి, ఈ వాడలోనే, ఇరవై అయిదేళ్లు గుండెలో పెట్టుకున్న బిడ్డను కూడా క్రీస్తు కోసం విడిచిపెట్టిందని, అంతకంటే గొప్ప కానుక ఈ సంఘంలో ఇంకెవరు ఇచ్చారని అడిగారు. ఆడవాళ్లంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆయన కళ్లు కూడా చెమర్చాయి. సంఘం కదిలిందని ఆయనకు సంతోషం.

నేను మొదటి వరసలో కూర్చుని, చేతులు కట్టుకుని, అన్నీ విన్నాను.

అక్టోబరు 11, సోమవారం

పాస్టరు గారు వెళ్లేముందు సంఘ పుస్తకంలో రాయమన్నారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. "ఉప్పలమ్మ, బోధకుని తల్లి. పూర్వాచారములన్నియు విడిచి, విశ్వాసమందు నిద్రించినది." కింద ఆయన సంతకం చేశారు. అక్షరాలు నావి. గుండ్రంగా, క్రమంగా ఉన్నాయి.

ఇది కూడా రాయాలి. రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

ఆయనను ఊరి పొలిమేర దాకా పంపి వస్తుంటే బిక్షమ్మ చేను గట్టు మీద నిలబడి ఉంది. నాకోసమే. ఏడాదిగా ఆమె నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

"పంతులూ, ఒక్క మాట అడుగుత. అయ్యగారు నిన్న చెప్పింది నిజమేనా? ఉప్పలమ్మక్క బిడ్డను ఇడిసిందా?"

చుట్టూ ఎవరూ లేరు. ఆమె ఒక్కతి. నిజం చెప్పడానికి నాకు అంతకంటే మంచి జాగా దొరకదు. జానయ్య లేడు, పాస్టరు గారు అప్పటికే మలుపు తిరిగారు. ఆమె ఎవరితోనూ చెప్పే మనిషి కాదు. అయినా పుస్తకంలో రాసి వచ్చిన చెయ్యి అది. నోరు కూడా దాని వెంటే పోయింది.

"ఇడిసింది" అన్నాను.

బిక్షమ్మ జొన్నచేను దిక్కు తిరిగింది.

"గట్లనా? అందరు ఇడిసినమన్ననాడు, ఆమె ఒక్కతి నా తీరుగ ఇడువలేనన్నది. గా ధైర్యం మీదనే గడప కాడ కూసుంటున్న పంతులూ. ఇద్దరమున్నం గద అనుకున్న." కొంగు తల మీదికి లాక్కుంది. "ఇగ నేనొక్కదాన్నే అన్నట్టు."

ఇంకేమీ అడగకుండా గట్టు వెంట నడిచి వెళ్లింది. పిలిస్తే వినిపించేంత దూరంలోనే చాలాసేపు నడిచింది. నేను పిలవలేదు.